ఒక మీటరు పొడుగు

టేపక్కకు ఆ పేరు ఎవరు పెట్టారో గనిలో ఎవరికీ గుర్తులేదు. పెట్టినవాడికి మాత్రం పెద్దగా బుర్ర పెట్టాల్సిన పని పడి ఉండదు. పదిహేడేళ్ళుగా ఆమె భుజానికి కొలత టేపు చుట్ట వేలాడుతూనే ఉంది. గట్టు మీద పాతిన గొట్టాల్లోకి ఆ టేపు వదలడం, చివరనున్న ఇత్తడి గుండు అడుగున నీళ్ళకు తగిలి 'టప్' మనగానే గొట్టం మూతి దగ్గర అంకె చూసుకోవడం, పుస్తకంలో రాసుకోవడం, ఇదీ ఆమె ఉద్యోగం. ఇంతోటి దానికి ఒక మనిషా అని కొత్తగా వచ్చిన ప్రతి డ్రైవరూ ఒకసారి నవ్వుతాడు. నవ్వి, గట్టు కింద బండి ఆపుకుని హాయిగా కునుకు తీస్తాడు. ఆ కునుకు తన అంకె చలవేనని టేపక్క ఎవరికీ చెప్పుకోలేదు.

గని అంటే సొరంగం కాదు. నేలను పైనుంచి పొర తర్వాత పొర ఒలుచుకుంటూ పోయిన పెద్ద గొయ్యి. తవ్విన ఖనిజాన్ని కడుగుతారు, కడగ్గా మిగిలిన బురదనీళ్ళను రెండు చెరువుల్లో నిలవేస్తారు. ఒకటి పడమటి చెరువు, ఇంకోటి తూర్పు చెరువు. పేరుకే చెరువులు, వాటిలో కప్ప కూడా బతకదు. బురద బయటికి రాకుండా చుట్టూ రెండంతస్తుల మేడంత మట్టి గట్టు. ఆ గట్టు లోపల నీళ్ళు ఎంత ఎత్తుకు ఊరాయో చెప్పేవే ఈ గొట్టాలు. గనికి ప్రభుత్వం ఇచ్చిన అనుమతి పత్రంలో షరతు ఒకటుంది. గొట్టం మూతి నుంచి నీటి దాకా నాలుగు మీటర్లకు తగ్గకూడదు. తగ్గిందంటే నీళ్ళు పైకెక్కాయని, గట్టు నానుతోందని అర్థం. ఆ క్షణమే పని ఆపి, కింద ఉన్నవాళ్ళను ఖాళీ చేయించాలి. రోజూ పొద్దున్నే కొలిచిన అంకెను గట్టు కింద బోర్డు మీద అందరికీ కనపడేట్టు రాయాలి. నాలుగు దాటి ఉంటే పచ్చ సుద్ద, తక్కువైతే ఎర్ర సుద్ద. టేపక్క దగ్గరున్న ఎర్ర సుద్దల డబ్బాకు అంటించిన కాగితం ఇంతవరకూ చిరగలేదు.

పడమటి గట్టు బోర్డు పిల్లల కేంద్రం గేటుకే ఉంటుంది. గనిలో పనికి దిగే తల్లులు తమ పసివాళ్ళను వదిలి వెళ్ళేది అక్కడే. దాన్ని నడిపేది టేపక్క సొంత చెల్లెలు. నిరుడు ఆ కేంద్రాన్ని అక్కడ కడదామన్నప్పుడు అనుమతి అధికారులు నెల రోజులు నసిగారు. చివరికి టేపక్క కొలతల పుస్తకం తెప్పించుకుని చూశారు. అంకెలు ముచ్చటగా ఉన్నాయి, నీళ్ళు మునుపటికన్నా మీటరు లోతుకు దిగాయి. సంతకాలు పడిపోయాయి.

ఆ సోమవారానికి వాన పట్టుకుని నాలుగో రోజు. పొద్దున ఎనిమిదింటికి టేపక్క మూడు గొట్టాలూ కొలిచింది. మధ్య గొట్టంలో నాలుగు మీటర్ల నలభై అయిదు. తక్కువే, కానీ గీత దాటలేదు. గేటు బోర్డు మీద పచ్చ సుద్దతో రాస్తుంటే చెల్లెలు కిటికీలోంచి తొంగి చూసి, "ఇవాళ కూడా పచ్చేనా? మార్పు లేదా నీ బతుకులో?" అని వేళాకోళం చేసింది. టేపక్క సుద్దముక్క విసురుతున్నట్టు చెయ్యి ఎత్తి నవ్వుకుంటూ వెళ్ళిపోయింది.

పదకొండింటికి ఆఫీసు గదికి తిరిగి వెళ్ళాలి. మామూలు దారి నీటిలో మునిగి ఉండటంతో గట్టు వారగా నడిచింది. నడుస్తూ నడుస్తూ ఆగిపోయింది.

గట్టు వాలు మీద ఒకచోట గడ్డి తెల్లగా మెరుస్తోంది. దగ్గరికి వెళ్ళి చూస్తే తడి. నాలుగు రోజుల వానకు లోకమంతా తడిసే ఉంది, ఇందులో వింతేముంది అని తనకు తాను చెప్పుకుంది. అయినా కాలు ముందుకు పడలేదు. వాన తడికి రంగుండదు. ఇది బియ్యం కడిగిన నీళ్ళలా తెల్లగా, మట్టి లోపలినుంచి బుడగలు బుడగలుగా వస్తోంది. వేలితో తాకింది. చల్లగా, సన్నటి మెత్తటి బురద వేలికి అంటుకుంది. చెరువులో బురదే అది.

అంతకన్నా భయపెట్టింది ఆ తడి ఉన్న ఎత్తు. గొట్టం మూతి నుంచి నాలుగు మీటర్ల నలభై అయిదంటే, ఈ గట్టుకు తడి ఆమె నడుము దాటి పైకి రాకూడదు. ఇది నుదుటికి ఎదురుగా ఉంది.

గట్టు మెట్లు ఎలా ఎక్కిందో తెలియదు. మధ్య గొట్టం దగ్గర నిలబడి మూత తిప్పి టేపు వదిలింది. 'టప్' మంది. నాలుగు మీటర్ల నలభై. మూడు గంటల్లో అయిదు సెంటీమీటర్లు ఎక్కాయి. అయినా నాలుగు పైనే ఉంది, పచ్చే. మరి కింద ఆ తడి ఏమిటి? టేపు అబద్ధం చెబుతోందా, గట్టు చెబుతోందా?

రెండోసారి వదిలింది. 'టప్'. అదే అంకె. మూడోసారి వదలబోతూ తన చేతిని తనే చూసుకుంది. మోచెయ్యి వంచి, నిటారుగా నిలబడి, హాయిగా కొలుస్తోంది. వంగలేదు.

పదహారేళ్ళు ఆమె ఈ గొట్టాల దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని కొలిచింది.

రెండు చేతులతో గొట్టాన్ని పట్టుకుంది. తెల్ల రంగు కింద, మోకాలి ఎత్తున, వేలికి ఒక అతుకు తగిలింది. రంగు గోకితే అడుగు ముక్క బూడిద రంగులో బయటపడింది. పైముక్క కొత్తది.

ఇదంతా ఆమెకు తెలియని సంగతి కాదు, అదే ఆమె ప్రాణానికి గండమై కూర్చుంది. పోయిన ఏడాది నడుము పట్టేసి పదిహేను రోజులు మంచం దిగలేదు. "ఆ గొట్టాలు మోకాలెత్తున ఏడిస్తే వంగి వంగి నేను చస్తున్నా సార్, కాస్త పొడిగించండి" అని పర్యావరణ విభాగం ఆఫీసరు దగ్గర మొత్తుకున్నది ఆమే. ఆయన్ని అందరూ సంతకం సారు అంటారు, చూడకుండా పెట్టడంలో అంత పేరు మరి. ఆయన సంతకం పెట్టాడు, ఫిట్టరు మీటరు ముక్కలు తెచ్చి అతికించాడు. సెలవు నుంచి తిరిగొచ్చి నిటారుగా నిలబడి కొలిచినప్పుడు ఆమెకు ప్రాణం లేచొచ్చింది. అంకె మీటరు పెరిగి కనబడితే, ఎండాకాలం కదా, నీళ్ళు దిగాయి అనుకుంది. మూతి పైకి జరిగింది కాబట్టి కొలత పెరిగిందని, షరతులోని నాలుగు ఇకనుంచి అయిదు కావాలని ఆమెకు తట్టలేదు. ఆమెకు నడుము నొప్పి తగ్గిన సంగతొక్కటే తట్టింది. అంకె బాగుందని సారు మెచ్చుకున్నాడు. బాగున్న అంకెను ఎవరు మాత్రం అనుమానిస్తారు?

నాలుగు మీటర్ల నలభైలోంచి ఒకటి తీసేసింది. మూడు మీటర్ల నలభై. షరతు గీత దాటి అరవై సెంటీమీటర్లు పైకి వచ్చేశాయి నీళ్ళు. ఎప్పుడు దాటాయో దేవుడికే తెలియాలి. పచ్చ సుద్దతో రాసిన రోజులు ఎన్ని ఎర్రవో లెక్క పెట్టుకునే ధైర్యం లేదు. గట్టు కింద చెల్లెలి కేంద్రం కప్పు కనబడుతోంది. వాన చప్పుడులోంచి పిల్లలు ఏదో పాట పాడుతున్నారు.

ముందు ఫిట్టరుకు ఫోను చేసింది. ఎక్కడో ఒక మూల, తను పొరబడి ఉంటే బాగుండునని ఆశ.

"బాబాయ్, గొట్టాలు పొడిగించావే, ఎంత ముక్క వేశావ్?"

"మీటరు, అమ్మాయ్. ఎందుకూ?"

"కచ్చితంగా మీటరేనా?"

"కోసింది నేనేగా! ఎట్లాగూ పైపులు వచ్చాయి, అన్నీ కానిచ్చెయ్ అన్నాడు మీ సారు. వారం రోజులు నా రెక్కలు పడిపోయాయనుకో. ఏం, అతుకు కారుతోందా?"

"లేదు బాబాయ్" అని పెట్టేసింది.

తర్వాత సారుకు చేసింది. మొదటిసారి ఎత్తలేదు. రెండోసారి గొంతు బాగా తగ్గించి మాట్లాడాడు.

"ఏంటమ్మా, తనిఖీ అధికారి నా పక్కనే ఉన్నాడు."

"సార్, పడమటి గట్టు కారుతోంది. మన కొలతలు తప్పు. గొట్టం పొడిగించినప్పుడు మీటరు కలిసిపోయింది, మనం తీసెయ్యలేదు. నీళ్ళు మూడూ నలభైలో ఉన్నాయి. సైరన్ వెయ్యాలి సార్, తాళం మీ దగ్గరుంది."

అవతల కుర్చీ జరిపిన చప్పుడు, తలుపు మూసిన చప్పుడు.

"పొద్దున ఎంత రాశావ్?"

"నాలుగూ నలభై అయిదు."

"పచ్చేగా? బోర్డు మీద పచ్చ రాసి, ఇప్పుడొచ్చి ఏడాదిగా తప్పంటే ఏమవుతుందో తెలుసా నీకు? నువ్వూ ఉండవు, నేనూ ఉండను. ఆయన మూడింటికి వెళ్ళిపోతాడు. వెళ్ళాక ఇద్దరం కలిసి కొలుద్దాం. అప్పటిదాకా నోరు మెదపకు."

"సార్, కింద పిల్లలున్నారు."

"నాలుగు రోజుల వాన తట్టుకున్న గట్టు నాలుగు గంటలు తట్టుకోదా?" అని ఫోను పెట్టేశాడు.

ఆమె గట్టు మీద ఒక్కతే నిలబడింది. సైరన్ సంగతి ఆలోచించింది. ప్రతి సోమవారం పన్నెండింటికి అది పరీక్షగా దానంతటదే ఒక నిమిషం మోగుతుంది. వినగానే జనం గడియారాలు సరిచేసుకుంటారు తప్ప కాలు కదపరు. ఇవాళ సోమవారం. ఇంకో ఇరవై నిమిషాల్లో అది ఎటూ మోగుతుంది, ఎవరూ ఎటూ పట్టించుకోరు. ఆ ఆలోచనతో ఆమె మెట్లు దిగి పరుగెత్తింది. ఆమె పరుగెత్తి ఎన్నేళ్ళయిందో ఆమె నడుముకే తెలుసు.

పిల్లలు అప్పుడే పళ్ళేల ముందు కూర్చున్నారు. ఆయా వడ్డిస్తోంది. తడిసి ముద్దయి గుమ్మంలో నిలబడ్డ అక్కను చూసి చెల్లెలు గరిటె కింద పెట్టింది.

"ఏంటే ఆ మొహం? ఏమైంది?"

"పిల్లల్ని లేపు. మీటింగు హాలుకు తీసుకుపోదాం. ఇప్పుడే."

చెల్లెలు కిటికీలోంచి వానను చూసింది, అక్కను చూసింది. "పిచ్చా? పోయిన నెల నీ డ్రిల్లు పేరుతో ఇట్లాగే వానలో నడిపిస్తే ఇద్దరికి ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. వాళ్ళ అమ్మలు నన్ను నిలబెట్టి కడిగేశారు. మూలన పడుకున్న ఆ చంటిదానికి పొద్దుటినుంచీ జ్వరం. నేను తియ్యను."

"ఇది డ్రిల్లు కాదు."

"మరి బోర్డు మీద పచ్చెందుకు రాశావ్? నువ్వే కదే రాసింది. నీ అంకె చూసుకునే కదా నేనిక్కడ నిశ్చింతగా ఉండేది."

గట్టు కారుతోందని చెప్పొచ్చు. చెబితే చెల్లెలు కొలత అడుగుతుంది, కొలత చెబితే పచ్చే అంటుంది. ఒకటే మాట మిగిలింది. ఆ మాట అంటే తను అక్కగా ఇంతకాలం నిలబెట్టుకున్నదంతా పోతుంది. పోనీ.

"నా అంకె తప్పు" అంది. "ఇవాళ్టిది కాదు, ఏడాదినుంచీ తప్పు. నడుము నొప్పని గొట్టం పొడిగించమన్నాను, ఆ పొడుగు తీసెయ్యడం మర్చిపోయాను. ఈ కేంద్రాన్ని ఇక్కడ కట్టడానికి ఆ అంకే చూశారు. నేనే మీ అందర్నీ తెచ్చి దీని కింద పెట్టాను. చెల్లీ, నీ కాళ్ళు పట్టుకుంటాను, లేపు."

చెల్లెలి మొహంలో కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు. అక్కను ఒక్క క్షణం చూసింది. ఆ చూపు టేపక్క చచ్చేదాకా మర్చిపోదు. తర్వాత ఆమె గోడకు వేలాడుతున్న తాడు తీసింది.

పిల్లల్ని బయటికి నడిపించడానికి వాడే తాడది. మూరకొక ముడి, ఒక్కో ముడికి ఒక్కో పిల్లవాడు. నడక రానివాళ్ళు ముగ్గురు. చంటిదాన్ని టేపక్క టేపు చుట్ట మీదే ఎత్తుకుంది, ఒకర్ని ఆయా, ఒకర్ని చెల్లెలు. మిగతా ఇరవై ముగ్గురూ ముడులు పట్టుకున్నారు. అన్నం చేతులతోనే పట్టుకున్నారు. "పళ్ళెం?" అని అడిగింది ఒక పిల్ల. "వచ్చాక తిందాం" అంది చెల్లెలు. ఆమె గొంతు మామూలుగా ఉంది.

రోడ్డు మీద ఉండగా సైరన్ మోగింది. పన్నెండు. లారీల షెడ్డు కింద నిలబడ్డ డ్రైవర్లు గడియారాలు చూసుకున్నారు. ఒకడు, "టేపక్క పిల్లల్ని వానలో ఊరేగిస్తోందిరోయ్!" అన్నాడు. "గట్టు కారుతోంది, లేచి పొండి!" అని ఆమె అరిస్తే, పొద్దున పచ్చ బోర్డు చూసిన నలుగురూ నవ్వారు. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే కాళ్ళు ఆగిపోతాయని భయం. వీపుకు కళ్ళున్నట్టు ఆ గట్టు ఆమెకు కనబడుతూనే ఉంది. నిమిషం తర్వాత సైరన్ ఆగిపోయింది. చంటిదాని వేడి ఊపిరి ఆమె మెడకు తగులుతోంది. ముందు పిల్లవాడు జారి పడ్డాడు, తాడు పట్టుకున్న ముగ్గురు వాడి మీద పడ్డారు, ఒకటే ఏడుపు. లేపారు, నడిపించారు. ఎప్పుడూ పది నిమిషాల దారి, ఆ పూట తరగలేదు.

మీటింగు హాలుకు చేరుకున్నారు. ప్రమాదం వస్తే అందరూ గుమిగూడాల్సిన చోటు అదేనని గని కాగితాల్లో రాసి ఉంది, గుమ్మం మీద బాణం గుర్తు కూడా ఉంది. చెల్లెలు ముడులు లెక్కపెట్టింది. ఇరవై మూడు. చేతుల్లో మూడు. ఇరవై ఆరు. మళ్ళీ లెక్కపెట్టింది. ఇరవై ఆరే.

అప్పుడు వినబడింది. పేలుడు కాదు, ఉరుము కాదు. చాలా పెద్ద బరువు దేన్నో నేల మీద ఈడ్చినట్టు ఒక మోత, అది ఆగకుండా సాగింది. హాలు కిటికీ అద్దాలు సన్నగా వణికాయి. పిల్లలు ఏడుపు మానేసి విన్నారు. కాసేపటికి షెడ్డు దగ్గర నవ్విన డ్రైవరే పరుగెత్తుకుంటూ వచ్చాడు. మోకాళ్ళ దాకా తెల్లబురద. గుమ్మం పట్టుకుని రొప్పుతున్నాడు.

"పడమటి గట్టు పోయిందక్కా. కేంద్రం కిటికీల దాకా బురద. మేం షెడ్డు కప్పు ఎక్కి బతికాం. లోపల..." అని హాలులో పిల్లల్ని చూసి, ఉన్నచోటే కూలబడి బావురుమన్నాడు.

టేపక్క గోడకు ఆనుకుని నేల మీద కూర్చుండిపోయింది. చంటిది ఇంకా భుజం మీదే ఉంది. ఏడుద్దామంటే ఏడుపు రాలేదు. ఇరవై ఆరు, ఇరవై ఆరు అని నాలుక దానంతటదే అనుకుంటోంది. చెల్లెలు వచ్చి పక్కన కూర్చుంది. తన కొంగుతో అక్క తల తుడిచింది, గట్టిగానే తుడిచింది, కోపమో ప్రేమో తెలియకుండా.

"ఇంక భయం లేదుగా?" అంది చాలాసేపటికి.

"లేదు" అంది టేపక్క. అంటూనే ఎందుకో ఫిట్టరు మాట చెవిలో మెదిలింది. వారం రోజులు రెక్కలు పడిపోయాయన్నాడు. పడమటి గట్టుకు ఉన్నవి మూడు గొట్టాలు. మూడు అతుకులు వెయ్యడం ఎంత చేతకానివాడికైనా ఒక పూట పని. వారం ఎందుకు పట్టింది? అన్నీ కానిచ్చెయ్ అన్నాడు సారు.

అన్నీ.

ఆమె లేచి హాలు వెనక తలుపు తీసింది. ఎదురుగా వంద అడుగుల దూరంలో తూర్పు గట్టు నిలబడి ఉంది. దాని కింద ఉన్నదే ఈ హాలు. ఆ గట్టు కొలతలు వేరొకాయన చూస్తాడు, కాంట్రాక్టు మనిషి. ఆయన బోర్డు తలుపుకు ఎదురుగా గుంజకు కట్టి ఉంది. పచ్చ సుద్దతో, చక్కటి గుండ్రటి అక్షరాలతో, నాలుగు మీటర్ల అరవై అని రాసి ఉంది. ఆమె మనసులోనే ఒకటి తీసేసింది. మూడు మీటర్ల అరవై.

గట్టు మీద వానలో గొడుగు వేసుకుని ఆ పెద్దమనిషి గొట్టం దగ్గర నిలబడ్డాడు. టేపు వదులుతున్నాడు. నిటారుగా నిలబడి, ఎక్కడా వంగకుండా, తీరిగ్గా కొలుస్తున్నాడు.

ఆమె వెనక్కి తిరిగింది. పిల్లలు నేల మీద గుండ్రంగా కూర్చుని ఉన్నారు, ఆయా ఎవరి తలో తుడుస్తోంది, తాడు మధ్యలో కుప్పగా పడి ఉంది.

"చెల్లీ" అంది. "చెల్లీ, తాడు తియ్యి."

చెల్లెలు తలెత్తి అక్క మొహం చూసింది. తెరిచి ఉన్న తలుపులోంచి గట్టును, బోర్డు మీద పచ్చ అంకెను చూసింది. ఈసారి ఏమీ అడగలేదు. వంగి తాడు అందుకుని, మొదటి ముడి పక్కనున్న పిల్లవాడి చేతిలో పెట్టి, ఒకటి అని లెక్క మొదలుపెట్టింది.